పట్నంలో తీసిన పాతర

నేను చదివింది మూడో తరగతి, అందులోనూ సగమే. మా ఊరి చర్చి పక్కనున్న మిషన్ బడిలో అక్షరాలు, కూడికలు పట్టుబడ్డాక, ఆడపిల్లకు ఇంక చాల్లెమ్మని మా నాయన మాన్పించాడు. ఆ సగం చదువే మా ఇంటిని నిలబెట్టిందని మావాళ్లు ఇప్పటికీ అంటుంటారు. నిలబెట్టింది చదువో, నా అనుమానమో నాకు తేలలేదు. ఆ అనుమానం వల్లే రెండు మూటల జొన్నలు కుళ్లబెట్టుకున్నదాన్ని కూడా నేనే. అందుకే మావాళ్లు పొగుడుతుంటే ఊరుకుంటాను.

మాది కడపకు ఆరేడు మైళ్ల దూరంలో ఒక పల్లె. మూడంకణాల మిద్దె. రాతిగోడలు, వేపదూలాలు, వాటి మీద చవుడు మన్ను. ఏటా వానలు రాకముందే కొత్త చవుడు గంపలతో మోసుకొచ్చి పైన పరిచి తొక్కాలి. ఒక్క ఏడు బద్ధకిస్తే చాలు, ఇల్లంతా కారుతుంది. పెరట్లో మా తాత తీయించిన పాతర ఉంది. పాతరంటే జొన్నలు దాచుకునే గొయ్యి. మూతి మనిషి దిగేంత, కడుపు మాత్రం మా వంటింటంత. చుట్టూ జొన్నచొప్ప పేర్చి, గింజలు పోసి, పైన నాపబండ మూసి మన్ను కప్పితే రెండేళ్లయినా పురుగు ముట్టదు. తీసేటప్పుడు మాత్రం తొందర కూడదు. బండ జరిపి ఒక పూట వదిలేయాలి. ఆ తర్వాత దీపాన్ని తాడుకు కట్టి లోపలికి దించాలి. దీపం ఆరిపోయిందంటే అడుగున చెడుగాలి ఉందన్నమాట. అప్పుడు దిగిన మనిషి మళ్లీ పైకి రాడు. మా నాయన నాకు నేర్పిన మొదటి పని ఆ దీపం దించడమే. నేను ఇప్పటికీ ఎవరి మాట విన్నా ముందు దీపం దించి చూస్తాను.

నాయనకు మగపిల్లలు లేరు. మా మేనత్త పెద్దకొడుకును ఇల్లటం తెచ్చుకున్నాడు. ఇల్లటపు అల్లుడంటే కొడుకులాగా మామ ఇంట్లోనే ఉండిపోయేవాడు. అయినా నాయన ఇల్లు నా పేరునే రాశాడు. "మనిషి మంచోడే. కాగితం నీ పేరుతో ఉంటే ఇంగా మంచోడుగా ఉంటాడు" అన్నాడు నాతో.

మా బావ మంచివాడే. నాపరాళ్లు పరచడం ఆయన పని. ఆయన పరిచిన నట్టింట్లో బిందె నీళ్లు ఒలికినా సందుల్లో ఇంకేవి కావు. కానీ ఆ రెండేళ్లు వానలు రాలేదు. వానల్లేకపోతే పంటలుండవు, పంటల్లేకపోతే మా వైపు ఇళ్లు కట్టేవాడుండడు. బావ ఉలి, సుత్తి గోనెసంచిలో చుట్టి గూట్లో పెట్టి, పొద్దంతా అరుగు మీద కూర్చునేవాడు. కూర్చున్న మొగవాణ్ని రెండేళ్లు చూడడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆ రోజుల్లో మా మరిది, అంటే బావ తమ్ముడు, చెన్నపట్నంలో ఉండేవాడు. అతని ఉత్తరాలు నేనే పైకి చదివేదాన్ని. ట్రాము బండ్లు, సముద్రం, వీధి దీపాలు, కడుతున్న మేడలు, ఇక్కడ నెలకొచ్చే కూలి అక్కడ వారానికే రావడం, అన్నీ రాసేవాడు. వింటూ బావ అరుగు మీద నిటారుగా కూర్చునేవాడు. నాకు మాత్రం రాసినవాటికన్నా రాయనిదాని మీదే ధ్యాస. నాలుగేళ్ల ఉత్తరాల్లో తాను పడుకునే చోటు గురించి ఒక్క ముక్క లేదు. పెండ్లాం ఇంకా పుట్టింట్లోనే ఉంది.

దసరాకు వచ్చాడు మరిది. కిర్రుచెప్పులు, జేబులో దువ్వెన. సంగటి వడ్డిస్తే మూడు ముద్దలు తిని నాలుగోదానికి చెయ్యి చాపాడు.

"ఏమబ్బీ, పట్నంలో కూడు పెట్టరా?" అన్నాను.

"పెట్టకేం వదినా. ఆడంతా వరికూడే. తెల్లగా మల్లెపూల మాదిరి ఉంటాది."

"మల్లెపూలు తినేటోనివి సంగటి మీద ఇట్ల పడినావే! సరే, ఇల్లెట్లుండాది నీది?"

"ఇల్లా? శానా పెద్దిల్లు వదినా. మూడంతస్తులు."

"మూడంతస్తుల్లో నీదెంత?"

మరిది మంచినీళ్లు అడిగాడు. రెండు చెంబులు తాగాడు.

మరునాడు అన్నదమ్ములిద్దరూ ఒకే మాట మీద నా ముందు కూర్చున్నారు. అప్పుడే అనుకున్నాను, ఇది రాత్రికి రాత్రి పుట్టిన మాట కాదని.

"అన్న చేతిలో ఉండే పనితనానికి ఈడ ఏముండాది వదినా?" అన్నాడు మరిది. "ఆడ కచేరీలు, బ్యాంకులు కడతాండారు. రాళ్లు పరిచేటోడు కావాలని మా మేస్త్రీ నన్ను పీక్కుతింటాండాడు. కాకపోతే మంచి ఇల్లు అడ్వాన్సు లేనిదే ఇయ్యరు. ఈ ఇల్లు అమ్మితే రెండు గదుల పోర్షను పట్టొచ్చు. అందరం ఒకచోటే ఉండొచ్చు."

"కొనేదెవరు?"

"మన ఊరి ధాన్యం వ్యాపారే."

"కరువులో జనం ఊరొదిలి పోతాంటే ఆయనొక్కడు ఇల్లు కొంటాండాడా? ఆయనకు తెలిసిందేందో ముందు మనకు తెల్యాల."

"నీకు అన్నిటికీ అనుమానమే," అన్నాడు బావ.

"ఊరికే వస్తాది బావా అది. దానికేం అద్దె కట్టాల్సిన పన్లేదు."

మరిది సంచిలోంచి దస్తావేజు తీశాడు. నేను ఊఁ అనకముందే రాయించి తెచ్చాడు! నా సంతకం ఒక్కటే తక్కువ. అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ మెల్లగా చదివాను. వాళ్లిద్దరూ రెండుసార్లు ఆవలించారు. ఇల్లు, పెరడు, ప్రహరీ అన్నీ ఒక్కొక్క మాటలో ముగించిన రాతగాడు, పాతర దగ్గరికి వచ్చేసరికి లోతు, వెడల్పు, మూతబండతో సహా రెండు వరసలు రాశాడు.

"ఆయనకు కావాల్సింది మిద్దె కాదు, గొయ్యి," అన్నాను. "జొన్నల ధర పెరిగేదాకా దాపెట్టుకునేదానికి."

"దేనికైతే మనకేమే? దుడ్లిస్తాండాడు గదా," అన్నాడు బావ. ఆయన అంత గట్టిగా నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

చూసి వచ్చాక సంతకం చేస్తానన్నాను. కాగితం ఎవరి దగ్గరా వదలకుండా గుడ్డలో చుట్టి నా నడుముకే కట్టుకున్నాను. మా ఒక్కగానొక్క బిడ్డను మా అమ్మకు అప్పగించి, దీపావళి దాటాక కడప స్టేషన్లో రైలెక్కాం. పాతరలో మిగిలినవాటిలోంచి రెండు మూటల జొన్నలు కూడా ఎక్కించాను. పట్నంలో గింజలు శేర్ల లెక్కన కొంటారని విన్నాను. ఏ రోజుకా రోజు కొనుక్కుని తినడమనేది నాకు ఊహలోకే రాలేదు. రైలు దిగేదాకా ఆ మూటల మీదనే కూర్చున్నాను.

మూడంతస్తుల ఇల్లు నిజమే. మరిది అబద్ధమాడలేదు. అతనిది మాత్రం అందులో మెట్ల కింద పరిచిన ఒక చాప. దానికి నలుగురు వాటాదారులు. ఇద్దరు పగలు పనికి పోతే, రేవులో రాత్రి పని చేసేవాళ్లిద్దరు పడుకుంటారు. ఆ చాప ఎప్పుడూ చల్లారేది కాదు. నేను దాన్ని చూశాను, మరిది నన్ను చూశాడు.

మాకు కింది అంతస్తులో ఒక గది దొరికింది. అందులో ఉండేవాళ్లు నెలరోజులు ఊరికి పోయారట. మా ఎనుములు కట్టేసే కొట్టం అంతకన్నా వెడల్పు. దానికి బావ కూలిలో సగం పోతుంది. ఇంటావిడ తెలుగావిడే. గడపలోనే నిలబెట్టి అడిగింది.

"ఎన్ని తలలమ్మా మీరు?"

"రెండు."

"తలకు రెండు బిందెలు. కొళాయి తొమ్మిదికి కట్టేస్తారు. రోలు మధ్యాహ్నం తప్ప వాడకూడదు. ఆ మూటల్లో ఏమిటి?"

"బట్టలు," అన్నాను.

"రెండు మూటల బట్టలా! ఎవరి పెళ్లికొచ్చారమ్మా?"

నవ్వుకుంటూ వెళ్లింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మూటల మీద ఆమె కన్ను పడిందని అప్పుడే అనుకున్నాను.

బావకు మాత్రం ఆ మరునాడే పని దొరికింది. సాయంత్రం వస్తూనే చెప్పాడు, "మేస్త్రీ రాళ్ల సందులో గోరు పెట్టి చూసినాడే. గోరు గూడా దూరల్యా! పక్కనోళ్లను పిలిచి చూపించినాడు." కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు, సంగటి తింటూ మళ్లీ చెప్పాడు. రెండేళ్లుగా నేను చూడని మొగం అది. దాన్ని చూస్తే నాకు సంతోషం కలగాలి. భయమేసింది. ఈ మనిషి ఇంక అరుగు మీదికి రాడని.

ఇంక ఆ గది సంగతి. రెండు మూటలు పెట్టాక మేం కాళ్లు చాపుకోవడానికి చోటు లేదు. పందికొక్కులు అప్పుడే ఒక మూట మూల కొరికాయి. తలుపుకు గడియే గాని తాళం లేదు. మెట్ల కింద నలుగురు మగవాళ్లు, పైన ఇంటావిడ, కొళాయి దగ్గర ముక్కూ మొగం తెలియని జనం. నేను బిందె పట్టుకుని వెళ్లిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని. మూడోరోజు బావతో అన్నాను.

"పాతర తీద్దాం."

"యాడ?"

"ఈ గదిలోనే. నాలుగు బండలు లేపి మళ్లీ పరిచేది నీకు ఎంతసేపు పని?"

ఆదివారం ఇంటావిడ గుడికి పోయిన సమయంలో తలుపు వేసుకుని బావ మూలనున్న బండలు లేపాడు. కింద ఇసుక. మా ఊళ్లో గడ్డపారకు నిప్పురవ్వలు లేచే నేల. ఇక్కడ ఒట్టి చేతులతోనే తోడుకోవచ్చు. అదీ మంచికే అనుకున్నాం. నడుంలోతు తీశాక బావ పిడికెడు ఇసుక పిసికి చూశాడు.

"తడిగా ఉండాదే."

"మొన్న కురిసిన వాన తడి. పైపైదే. ఇంగ కాస్త ఆరనిచ్చి గింజలు పోద్దాం."

ఎండుగడ్డి కొనుక్కొచ్చి చుట్టూ పేర్చాం. జొన్నలు పోశాం. బావ బండలు ఎంత ముద్దుగా పరిచాడంటే, ఎక్కడ లేపామో మర్నాడు నాకే తెలియలేదు. దాని మీదే చాప వేసుకుని నేను నిశ్చింతగా నిద్రపోయాను. పట్నంలో నేను హాయిగా పడుకున్నది ఆ ఒక్క రాత్రే.

ఆపైన వాన పట్టుకుంది. మా సీమలో ఒక ఏడాదంతా కురిసే వాన అక్కడ మూడు రోజుల్లో కురిసింది. గదిలో పుల్లటి వాసన మొదలైంది. అది ఇంటావిడ వంటదేమోనని అనుమానించాను. ఆ తర్వాత మెట్ల కింద వాళ్లు కల్లు తాగుతున్నారేమోనని అనుమానించాను. ఐదోరోజు చాప అడుగున చెమ్మ తగిలింది. బావ పనికి పోకుండా బండలు లేపాడు. మోకాలు మునిగే నీళ్లు. నీళ్ల పైన తెల్లటి మొలకలతో మా జొన్నలు ఉబ్బి తేలుతున్నాయి.

వాసనకు ఇంటావిడ వచ్చింది. గొయ్యి చూసింది. నన్ను చూసింది.

"బట్టలన్నావుగా?"

గోడ కుంగుతుందని అరుస్తుందనుకున్నాను, బయటికి పొమ్మంటుందనుకున్నాను. ఆమె గడపలో కూలబడి కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"సముద్రం పక్కన గొయ్యి తవ్వి గింజలు దాస్తారటమ్మా! ఇక్కడ ఏ మూల చెయ్యి పెట్టినా నీళ్లే. మీ దేశంలో నీళ్లే ఉండవా?"

"ఉండాయి," అన్నాను. "నలభై మూరల అడుగున."

నవ్వడం మానేసింది. పైకి వెళ్లి ఒక శేరు బియ్యం తెచ్చి నా చేటలో పోసింది. నెలాఖరున అద్దెలో కలుపుతుందని చూశాను. కలపలేదు. ఆ శేరు బియ్యం ఆమె ఎందుకిచ్చిందో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ సాయంత్రం గొయ్యి ఇసుకతో పూడ్చాక మరిది వచ్చాడు. దస్తావేజు మాట నేనే ఎత్తాను.

"నిజం చెప్పు అబ్బీ. ఆ వ్యాపారి నీకెంత ఇస్తానన్యాడు?"

మరిది మొగం నల్లబడింది. "నీ బిడ్డ మీద ఒట్టు వదినా, ఒక్క పైసా లేదు. నాకు పెండ్లయి నాలుగేండ్లు. నా పెండ్లాన్ని ఆ మెట్ల కిందికి పిలుచుకొని వచ్చేదా? ఆ చాప మీద యాడ పండుకోబెట్టేది? ఒంటరోనికి పోర్షను ఇయ్యరు, అడ్వాన్సు లేకుంటే అసలే ఇయ్యరు. మీరొస్తే, ఒక గది మీకు, ఒక గది నాకు. అంతే నా దురాశ."

నాలుగేళ్ల ఉత్తరాల్లో అతను రాయనిది అదన్నమాట. నాకు సిగ్గేసింది. సిగ్గేసినంత మాత్రాన సంతకం చేస్తానా? బావ వైపు చూశాను. ఆయన ఉలి అంచు బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు.

"బావా, ఈడ పని ఉండాది. నేను కాదన్ను. కానీ నీ పని ఆగిన దినం మనం యాడుంటాం? ఊళ్లో పనిలేక రెండేండ్లు కూర్చుంటివి. ఎవరన్నా లేచి పొమ్మన్యారా? ఈడ రెండు నెలలు కూర్చోనిస్తారా?"

"అయితే నన్ను మళ్లీ అరుగు మీద కూర్చోమంటావా?"

"నిన్ను రమ్మనల్యా. నేను పోతా."

అనేశాను. అన్నాక వెనక్కి తీసుకునే మనిషిని కాను. ఆయనా బతిమాలే మనిషి కాదు. నెల నిండగానే నన్ను రైలెక్కించాడు. ఖాళీ గోనెసంచులు రెండూ మడిచి నా ఒళ్లో పెట్టాడు. "జాగ్రత్త. వానలకు ముందే చవుడు పోయించు" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని రైలు కదిలేదాకా చూశాను.

అట్లా ఎనిమిదేండ్లు గడిచాయి. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా బిడ్డ ఇంకాస్త పెరిగి ఉండేది, ఆయన జుట్టు కాస్త తెల్లబడి ఉండేది. పంపే డబ్బు మాత్రం ఏ నెలా తప్పలేదు. ధాన్యం వ్యాపారి మా వీధిలోనే వేరే మూడిళ్లు కొన్నాడు. వాటి దూలాలు పీకి అమ్ముకున్నాడు. పాతర్లు ఉంచుకున్నాడు. గోడలు ఇప్పుడు కూలి ఉన్నాయి. ఆ దారిన పోయేటప్పుడు నేను చేసింది మంచిపనే అనిపించేది. ఇంటికొచ్చి ఒక్కదాన్నే సంగటి కెలికేటప్పుడు అంత గట్టిగా అనిపించేది కాదు. మా అమ్మ పోయాక చవుడు మోయించడానికి కూలీలు దొరికేవాళ్లు కాదు. దొరికినా నేనివ్వగలిగిన కూలికి వచ్చేవాళ్లు కాదు. రెండేళ్లు నేనే మోసుకున్నాను. మూడో ఏడు మోయలేకపోయాను. పడమటి అంకణం కారడం మొదలైంది. కింద రెండు బానలు పెట్టాను, ఆయన వచ్చినప్పుడు తీసి దాచాను. ఉత్తరంలో మాత్రం "మిద్దె బాగుంది, బిడ్డ బాగుంది" అని రాసేదాన్ని. ఇల్లు కావాలన్నది నేను. అది కారుతుంటే చెప్పుకోవడం నాకు నామోషీ.

యుద్ధం రోజుల్లో పట్నం మీద బాంబులు పడతాయన్న భయం పుట్టింది. రైళ్ల నిండా జనం. ట్రంకులు, పీటలు, కోళ్ల గంపలు కూడా ఎక్కించుకుని వచ్చారు. కడపలో గుర్రపుశాలలు కూడా అద్దెకు పోయాయి. ఆ జనంతోనే అన్నదమ్ములిద్దరూ దిగారు. మరిది పది రోజులు కూడా నిలవలేదు.

"వదినా, ఇంతకాలం మెట్ల కింద తప్ప చోటియ్యనోళ్లు ఇప్పుడు పోర్షన్లకు తాళాలేసి పోతాండారు. ఇల్లు పాడు పెట్టకుండా ఉంటే చాలు, అడ్వాన్సు వద్దంటాండారు. నేను నా పెండ్లాన్ని పిలుచుకొని పోతాండా."

"బాంబులు పడితే?"

"పడనీ వదినా. రెండు గదులుంటాయి, ఒకదాంట్లో పడితే ఇంగోదాంట్లో ఉంటాం."

అతని వెనక నిలబడ్డ ఆ పిల్ల మొగం చూశాను. పన్నెండేళ్లు పుట్టింట్లో కూర్చున్న పిల్ల నవ్వుతోంది. పాతర తెరిచి, దీపం దించి చూసి, ఒక మూట జొన్నలు కట్టిచ్చాను.

"కింద తవ్వొద్దు. అటక మీద పెట్టుకోండి," అన్నాను. మరిది నవ్వాపుకోలేకపోయాడు.

బావ వాళ్లతో పోలేదు. ఎందుకు పోలేదో చెప్పలేదు. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పట్నంలో పని పోయిందా? మేస్త్రీతో గొడవా? రొమ్ములో రాతిధూళి పట్టిందా? లేక అక్కడ ఇంకేదైనా ఉంటే అది తెగిపోయిందా? నాలుగురోజులు చూశాను. ఐదోరోజు పొద్దున నేను అడగకముందే గడ్డపార, గంప తీసుకుని వంక గట్టుకు పోయి చవుడు తెచ్చాడు. మిద్దెనెక్కి పడమటి అంకణం మీద పోశాడు. నేను కింద నిలబడి గంప అందిస్తూ అడిగేశాను.

"బావా, దాచకుండా చెప్పు. బాంబుల భయానికేనా వచ్చింది?"

"కాదు."

"మరి?"

చవుడు కాలితో సర్దుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఎనిమిదేండ్లు ప్రతి ఉత్తరంలో మిద్దె బాగుండాదనే రాసినావు. చవుడు ఎవరు పోసినారో ఒక్క ఉత్తరంలో గూడా రాయల్యా. నాకు అనుమానమొచ్చింది."

అది నిజమో కాదో నాకు తెలియదు. ఎనిమిదేండ్లు ఆగి వచ్చిన అనుమానాన్ని ఎట్లా నమ్మడం? ఆ మాటా అడుగుదామనుకున్నాను. కానీ పడమర మబ్బు పట్టింది, చవుడు ఇంకా సగం కూడా పరవలేదు.

"సరే, ఇంకో గంప పట్టు," అన్నాను.